పొగకు ఆయుష్షు నాలుగు సెకన్లు

"ఈ పొగ తప్పు సార్."

నా ల్యాప్‌టాప్ తెర మీద లారీ మసాఫీ కొండదారి ఎక్కుతోంది. సైలెన్సర్ లోంచి నల్లటి పొగ సుళ్లు తిరుగుతూ లేస్తోంది. ఆఫీసు పని ముగిశాక, పిల్లలు పడుకున్నాక, రెండు నెలల పాటు కూర్చుని తయారు చేసిన పొగ అది. చూసిన మిత్రులంతా అచ్చం నిజం పొగలాగే ఉందన్నారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ లారీ షెడ్డు ముందు, చేతిలో కడక్ చాయ్ కప్పుతో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మెకానిక్ మాత్రం పది సెకన్లు చూసి తేల్చేశాడు.

"ఏం తప్పన్నా?" అని అడిగాను.

"గింత పొగ గొట్టే బండిని నేనైతే కొండ ఎక్కనియ్య. సీదా షెడ్డుకే తెమ్మంట."

ఆయనది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లి దగ్గర ఓ పల్లె. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే భారీ వాహనాల ఇంజన్లు విప్పుతున్నాడు. షెడ్డులో పాకిస్తానీలు, మలయాళీలు అందరూ 'ఉస్తాద్' అంటారు. నాది గుంటూరు జిల్లా. ఉద్యోగం దుబాయ్‌లో, కాపురం షార్జాలో. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చునే వేలమందిలో ఒకణ్ని. కిందటేడు కారు ఏసీ కంప్రెసర్ కోసం పాత స్పేర్ పార్టుల దుకాణాలు తిరుగుతుంటే, ఒక షెడ్డులో ఎవరో ఫోన్లో "బువ్వ తిన్నవా బిడ్డా" అనడం వినిపించింది. ఆగాను. అలా పరిచయం.

లారీ ఆటల లోకం

నలభై దాటినవాడికి ఈ ఆటల పిచ్చేమిటని మా ఇంట్లోనూ అడుగుతారు. నాలాంటి వాళ్లు తక్కువేమీ లేరు. చెక్ రాజధాని ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ సంస్థ 2012 అక్టోబరులో 'యూరో ట్రక్ సిమ్యులేటర్ 2' విడుదల చేసింది. ఇందులో కాల్పులుండవు, పందేలుండవు. సరుకు ఎక్కించుకుని, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, నిద్రవేళకు నిద్రపోతూ, చెప్పిన ఊరికి చెప్పిన వేళకు చేర్చడమే ఆట. అదే సంస్థ 2016 ఫిబ్రవరిలో 'అమెరికన్ ట్రక్ సిమ్యులేటర్' తెచ్చింది. ఇండోనేషియాకు చెందిన మాలియో సంస్థ చేసిన 'బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా' 2017 నుంచి సెల్‌ఫోన్లలో తిరుగుతోంది. మన కుర్రాళ్లు అందులోని బస్సులకు ఆర్టీసీ రంగులు వేసుకుని, బోర్డు మార్చుకుని మరీ నడుపుతారు.

ఈ ఆటలు ఆడేవాళ్లకు గెలుపు కంటే నిజంలా ఉండటమే ముఖ్యం. అద్దంలో వెనకబండి కనిపించాలి. ఎయిర్ బ్రేకు వదిలితే బుస్సుమనాలి. వాన పడితే వైపర్ ఆడాలి. ఆ పైన అడిగేది పొగ. బురదలో బండ్లు లాగే 'స్నోరన్నర్' లాంటి ఆటలకు అంతమంది అభిమానులున్నారంటే, యాక్సిలరేటర్ తొక్కగానే గొట్టం లోంచి నల్లగా ఎగజిమ్మే పొగకు కూడా అందులో వాటా ఉంది. పొగ కనిపిస్తేనే ఇంజన్ కష్టపడుతున్నట్టు, లోడు బరువుగా ఉన్నట్టు మనసుకు తెలుస్తుంది.

నేను సరదాకి సొంతంగా ఓ చిన్న లారీ ఆట తయారు చేసుకుంటున్నాను. అమ్మడానికి కాదు. షార్జాలో బయల్దేరి ధైద్ మీదుగా మసాఫీ కొండలు దాటి ఫుజైరా చేరే దారి. క్వారీల నుంచి రాయి, కంకర తెచ్చే లారీలు ఆ కొండల నుంచి దిగుతుంటాయి. దారి కుదిరింది, కొండలు కుదిరాయి, స్టీరింగు కుదిరింది. పొగ దగ్గర మాత్రం ఉస్తాద్ ఆపేశాడు.

మూడు రంగుల జాతకం

"పొగ అంటే బండి మాట్లాడుడు సార్. నీ బండి ఊకె ఒర్లుతున్నది" అన్నాడు. తర్వాత గంటసేపు పాఠం చెప్పాడు. ఆయన మాటల్లో విన్నదానికి నాకు తెలిసిన ఫిజిక్స్ కలిపి చెబుతాను.

డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్లోకి పీల్చిన గాలిని పిస్టన్ పదహారు, పద్దెనిమిది రెట్లు కుదించేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి ఐదారు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. అది దానంతటదే అంటుకుంటుంది. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. తుంపర అంతటా సమానంగా కలవదు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే ఉండాలి. గాలి చాలకపోతే కార్బన్ మసిగా మిగిలిపోతుంది. అదే నల్లపొగ.

అందుకే నల్లపొగ చూడగానే ఉస్తాద్ మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పుతాడు. ఈ ఎడారి ఊళ్లో అది ఇసుకతో పూడుకుపోవడం మామూలే. ఫిల్టర్ బాగుంటే నాజిల్, అదీ బాగుంటే టర్బో పైపు లీకు చూస్తాడు.

నీలిపొగ వేరు. ఇంజన్ ఆయిల్ సిలిండర్లోకి చేరి మండుతోందని అర్థం. పిస్టన్ రింగులు అరిగిపోయి ఉండొచ్చు, టర్బో సీలు పోయి ఉండొచ్చు. "నీలిపొగ అంటే బండి బోరుకొచ్చినట్టు. ఓనరుకు చెప్పాల్నంటే నోరు రాదు, ఖర్చు గట్లుంటది" అన్నాడు.

తెల్లపొగకు రెండు కారణాలు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మండని డీజిల్ ఆవిరిగా వస్తుంది. వేడెక్కాక కూడా ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ నీళ్లు లోపలికి కారుతున్నాయేమో చూడాలి. నా ఆటలో లారీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ తెల్లపొగ పెట్టాను. యూరప్ వీడియోలు చూసి నేర్చుకున్నది మరి. ఉస్తాద్ నవ్వాడు. "జూలైల మన నల్లల నీళ్లే మసులుతయి గద సార్. ఇంజన్ సల్లగెక్కడుంటది?" షార్జా ఎండాకాలంలో స్నానానికి ముందురోజే నీళ్లు పట్టి చల్లార్చుకునే మాకు అది చెప్పాల్సిన పనే లేదు. నాకే తట్టలేదు.

అన్నిటికంటే పెద్ద తప్పు సమయం. నా లారీ ఎత్తు ఎక్కినంతసేపూ ఒకే తీరుగా పొగ విడిచేది. నిజం లారీ అలా చేయదు. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కగానే డీజిల్ వెంటనే పడుతుంది. గాలిని నెట్టే టర్బో మాత్రం ఇంజన్ వదిలిన వేడిగాలితో తిరగాలి, వేగం అందుకోవడానికి కొంచెం వ్యవధి పడుతుంది. ఆ ఒకటి రెండు సెకన్లు ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. భప్పుమని ఒక నల్లటి ముద్ద వస్తుంది. టర్బో అందుకోగానే పలచబడుతుంది. మళ్లీ గేరు మారిస్తే మళ్లీ ఒక ముద్ద. "పొగను జూసి డ్రైవర్ ఎప్పుడు గేర్ ఏసిండో చెప్పొచ్చు" అన్నాడు.

ఇంకో మాట కూడా అన్నాడు, ఏ పుస్తకంలోనూ నాకు దొరికేది కాదు. ఇక్కడ చాలా లారీలకు సైలెన్సర్ మూతి కింద, పక్కకు ఉంటుంది. అమెరికా లారీల్లా క్యాబిన్ పక్కన నిలువు గొట్టం ఉండదు. అందుకని షెడ్డు ముందు ఖాళీ స్థలంలో రేస్ ఇస్తే "పొగ కంటె ముందు ఇసుక లేస్తది." నా ఆటలో ఆ ఇసుక లేదు.

మిల్లీమీటరు మందం లేని కాగితాలు

కంప్యూటర్లో పొగ ఎలా పుడుతుందో ఉస్తాద్‌కు నేనూ చెప్పాను. తెర మీద కనిపించేది నిజంగా గాలి కాదు. పొగ బొమ్మ అచ్చువేసిన పారదర్శకమైన కాగితం ముక్కలు అనుకోండి. ఒక్కొక్కటీ గొట్టం మూతి దగ్గర పుడుతుంది, పైకి తేలుతుంది, పెద్దదవుతుంది, పలచబడుతుంది, చివరికి మాయమవుతుంది. ఎప్పుడూ చూసేవాడి వైపే ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి అది కాగితమని తెలియదు. వీటిని పార్టికల్స్ అంటారు. 1982లో వచ్చిన రెండో 'స్టార్ ట్రెక్' సినిమాలో ఒక గ్రహం మంటల్లో చిక్కుకునే దృశ్యం కోసం లూకాస్‌ఫిల్మ్‌లో విలియం రీవ్స్ ఈ పద్ధతి వాడి, 1983లో దాని మీద పత్రం రాశారు. నలభై ఏళ్లు దాటినా ఆటల్లో పొగ, మంట, దుమ్ము ఎక్కువగా ఆ దారినే నడుస్తున్నాయి. గాలి ప్రవాహాన్ని సమీకరణాలతో లెక్కగట్టే పద్ధతులూ ఉన్నాయి. 1999లో జోస్ స్టామ్ చూపిన మార్గం వాటిలో పేరున్నది. కానీ సెకనుకు అరవై బొమ్మలు గీయాల్సిన చోట అంత లెక్క ప్రతి లారీకీ భరించలేం.

ప్రతి పార్టికల్‌కూ కొన్ని అంకెలిస్తాం. వేగం, పరిమాణం, రంగు, ఎంత వెలుతురును అడ్డుకోవాలి, ఎన్ని సెకన్లు బతకాలి. నా పొగకు ఇచ్చిన ఆయుష్షు నాలుగు సెకన్లు. అంతకంటే పెంచితే తెరంతా పొగ పొరలే పేరుకుపోయి గ్రాఫిక్స్ కార్డు రొప్పుతుంది, ఆట ఆగి ఆగి నడుస్తుంది.

వెలుతురును అడ్డుకునే అంకె గురించి చెబుతుంటే ఉస్తాద్ కళ్లు మెరిశాయి. "గిది పొల్యూషన్ మిషినే గద!" అన్నాడు.

నిజమే. మన దేశంలో లారీకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు, బండిని న్యూట్రల్‌లో పెట్టి ఒక్కసారిగా రేస్ ఇస్తారు. గొట్టంలో పెట్టిన స్మోక్ మీటర్ ఆ పొగ గుండా ఎంత వెలుతురు దాటిందో కొలుస్తుంది. హార్ట్‌రిడ్జ్ కొలత 0 నుంచి 100 వరకు ఉంటుంది. పాత డీజిల్ బండ్లకు పరిమితి 65. భారత్ స్టేజ్-4 బండ్లకు 50. ఆ మీటరు గొట్టం పొడవు 43 సెంటీమీటర్లు. అంటే అంత మందం పొగ మీద పడిన వెలుతురులో 65 శాతం ఆగిపోతే ఆ బండి అంచు మీద ఉన్నట్టు. అదే పొగ రెట్టింపు మందం ఉంటే అడ్డుకునేది 130 శాతం కాదు. మిగిలిన 35 శాతంలో మళ్లీ 65 శాతం ఆగుతుంది. మొత్తం 88 శాతం అవుతుంది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఈ లెక్క ఆటలో పెట్టాను. అప్పటిదాకా నా పొగముద్ద పెద్దదవుతున్నా నలుపు తగ్గేది కాదు, చివర్లో టక్కున మాయమయ్యేది. కానీ ముద్ద వెడల్పు రెట్టింపయితే అందులోని మసి ఎనిమిది రెట్ల చోటులో సర్దుకుంటుంది. మనం చూసే మందం మాత్రం రెండింతలే. కాబట్టి చూపుకు అడ్డుపడే మసి నాలుగో వంతు కావాలి. టర్బో ఆలస్యం కలిపాను. తెల్లపొగ తీసేశాను. గొట్టం కింద ఇసుక లేపాను. ఎయిర్ ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్కపెట్టి, మార్చకపోతే పొగ నెమ్మదిగా నల్లబడేలా చేశాను.

మరుసటి ఆదివారం మళ్లీ చూపించాను. ఈసారి ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. లారీ మూడో గేరులోకి మారింది. ఒక ముద్ద లేచి పలచబడిపోయింది. "ఇగ బండి నడుస్తున్నది తమ్మీ" అన్నాడు. అంతవరకు 'సార్' అన్న మనిషి మొదటిసారి 'తమ్మీ' అన్నాడు.

మంచి బండికి పొగ ఉండదు

ఇక్కడే చిక్కు వచ్చింది. ఆటలో కొత్త లారీ కూడా పెట్టాను. దానికి ఎంత పొగ పెట్టాలని అడిగాను. "ఏం పెట్టకు" అన్నాడు.

యూరప్‌లో పదేళ్లు దాటిన యూరో-6, మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణాల బండ్లకు సైలెన్సర్ ఒక చిన్న రసాయన కర్మాగారం. మసిని జల్లెడలాంటి ఫిల్టర్ పట్టేస్తుంది. నిండాక వేడిగాలితో దాన్ని లోపలే కాల్చేస్తుంది. ఆపైన నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన యాడ్‌బ్లూ ద్రవం చిమ్మి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తారు. ఇవన్నీ సరిగా పనిచేస్తుంటే గొట్టం లోంచి కంటికి కనిపించేది దాదాపు ఏమీ ఉండదు. పొగ ఎక్కువైతే నిజమనుకుంటాం. నిజంగా నిజమైన కొత్త లారీకి పొగే లేదు. ఆట పంపితే నా మిత్రుడొకడు "పొగ ఏమైంది, పాడుచేశావు" అన్నాడు.

కంటికి కనిపించనిదంతా లేనట్టేనా అంటే అదీ కాదు. ఉస్తాద్ తన పాత రోజుల సంగతి దాచకుండా చెప్పాడు. "మా దిక్కు సర్టిఫికెట్ నాడు పంపు స్క్రూ తిప్పి డీజిల్ తగ్గిచ్చేటోళ్లం. మీటర్ల పాస్. తెల్లారి మళ్ల తిప్పేటోళ్లం. లోడుకు గుంజద్దా మరి?"

నాకు వెంటనే 2015 సెప్టెంబరు గుర్తుకొచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు పరీక్షలో ఒక తీరుగా, రోడ్డు మీద ఇంకో తీరుగా నడుస్తున్నాయని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ఇప్పుడు పరీక్ష జరుగుతోందని ఇంజన్ సాఫ్ట్‌వేరే పసిగట్టి, అంతసేపూ శుభ్రంగా నడిపించేది. రోడ్డెక్కాక కొన్ని కార్లలో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు వెలువడ్డాయి. ప్రపంచమంతటా కోటీ పది లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. మెట్‌పల్లి షెడ్డులో స్క్రూడ్రైవర్ చేసిన పనిని అక్కడ నాలాంటి ఇంజనీర్లు రాసిన కోడ్ చేసింది. స్క్రూ తిప్పిన మచ్చయినా కనిపిస్తుంది, కోడ్‌కు అదీ ఉండదు. నేను తెర మీద లేని పొగ చూపడానికి తంటాలు పడుతున్నాను. వాళ్లు ఉన్న పొగను దాచడానికి పడ్డారు.

మాయం కాని పొగ

ఆ మాటల మధ్యలో ఆయనకు దగ్గు వచ్చింది. అంతకుముందూ వచ్చేది, నేను పట్టించుకోలేదు. ఈసారి ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. బీడీ, సిగరెట్ ముట్టని మనిషి. తుడుచుకున్న టిష్యూ మీద నల్లటి చార.

"రోజూ ఉండేదే. ఖల్లీవల్లీ" అన్నాడు. వదిలేయమని గల్ఫ్‌లో అందరం అనే మాట.

నేను తెర వైపు చూశాను. నా పొగ నాలుగు సెకన్లలో మాయమై, మెమరీ లోంచి తుడిచిపెట్టుకుపోతోంది. ఈ షెడ్డులో పొగకు అలాంటి అంకె ఎవరూ పెట్టలేదు. ఎండాకాలంలో వేడిగాలి రాకుండా షట్టర్ సగం దించి, లోపల కూలర్ పెట్టుకుంటారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. అది ఆరుబయట పనికి. షెడ్డు కప్పు కింద పని ఆగదు. ఇంజన్ బిగించాక రేస్ ఇచ్చి చూడాలి. ఆ పొగ కప్పుకు తగిలి కిందికి దిగుతుంది. అక్కడే పనిచేస్తారు, అక్కడే తింటారు.

డీజిల్ మసి రేణువుల్లో ఎక్కువ భాగం ఒక మైక్రాన్ కంటే చిన్నవి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత చిన్న రేణువులు ముక్కులో, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళ్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ ఇంజన్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. దానికి ఆధారమైన వాటిలో అమెరికాలో 12,000 మందికి పైగా గని కార్మికుల మీద జరిగిన అధ్యయనం ఉంది. మూసిన గనుల్లో డీజిల్ యంత్రాల మధ్య పనిచేసినవాళ్లు వాళ్లు. షట్టర్ దించిన షెడ్డు కూడా గనిలాంటిదే కదా అనిపించింది.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు. డీజిల్ పొగ పీల్చిన ప్రతివాడికీ జబ్బు రాదు. కానీ ఎంతకాలం, ఎంత మూసిన చోట పీల్చామన్నది లెక్కలోకి వస్తుంది. ఇరవై రెండేళ్లు చిన్న లెక్క కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ఖర్చు ఒక భయం. ఏదైనా తేలితే వీసాకు ఇబ్బందవుతుందేమోనన్నది అంతకంటే పెద్ద భయం. ఖర్చు భయానికి మాత్రం నా దగ్గర జవాబుంది. 2025 జనవరి 1 నుంచి షార్జాతో పాటు ఉత్తర ఎమిరేట్లలో కూడా ప్రైవేటు ఉద్యోగులకు యజమాని ఆరోగ్య బీమా కట్టడం తప్పనిసరి అయింది. వీసా ఇచ్చేటప్పుడు, రెన్యువల్ అప్పుడు అది చూస్తారు. ఆయన వీసా వేసవిలోనే రెన్యువల్ అయింది. కార్డు పర్సులోనే ఉంది. ఒక్కసారీ వాడలేదు.

రెండు వారాలు నచ్చజెప్పాక వచ్చాడు. గొట్టంలోకి బలంగా ఊదించే పరీక్ష చేశారు. ఊపిరితిత్తులు వయసుకు ఉండాల్సినంత గట్టిగా గాలిని వదలడం లేదని, గొట్టాలు కాస్త ఇరుకయ్యాయని చెప్పారు. ఎక్స్‌రేలో చెడ్డదేమీ కనిపించలేదు. ఇన్‌హేలర్ రాశారు. పొగలో పని తగ్గించుకోమన్నారు. బయటికొచ్చాక "తగ్గిచ్చుకునుడంటే ఎట్ల తమ్మీ, పొగే నా అన్నం" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

షెడ్డులో కొత్త గొట్టం

జవాబు ఆయనే కొంత వెతుక్కున్నాడు. వేడికి తట్టుకునే మడతల గొట్టం ఒకటి పాత సామాను దుకాణంలో కొన్నాడు. ఒక కొస సైలెన్సర్ మూతికి బిగించి, రెండో కొస గోడకు చేసిన రంధ్రం లోంచి బయటికి వదిలాడు. బయటి కొస దగ్గర ఓ ఎగ్జాస్ట్ ఫ్యాన్. అర్బాబ్ మొదట గోడకు రంధ్రమెందుకన్నాడు. మూడోసారి అడిగితే సరేనన్నాడు. ఇప్పుడు రేస్ ఇచ్చే ప్రతి బండికీ ముందు గొట్టం తగిలిస్తారు. షట్టర్ పూర్తిగా ఎత్తాకే స్టార్ట్ చేస్తారు. మాస్కు రేణువులను ఆపుతుంది కానీ వాయువులను ఆపదు కాబట్టి, మాస్కు పెట్టుకున్నాం కదా అని షట్టర్ దించొద్దని కుర్రాళ్లకు తనే చెబుతున్నాడు. దగ్గు పోలేదు. టిష్యూ మీద చార మాత్రం పలచబడిందన్నాడు. నల్లపొగ, నీలిపొగ తేడా తెలిసిన మనిషి, ఆ మాట నమ్మొచ్చు.

ఆటలో నేనూ ఒకటి మార్చాను. లారీని షెడ్డులోకి తెచ్చి షట్టర్ దించితే పొగ ఆయుష్షు నాలుగు సెకన్లు కాదు, అసలు అంతమే లేదు. తెర నెమ్మదిగా మసకబారుతూనే ఉంటుంది, షట్టర్ ఎత్తేదాకా. గ్రాఫిక్స్ కార్డు రొప్పుతుంది. రొప్పనీ అని వదిలేశాను.

మొన్న ఆదివారం ఆ ఆట చూపిస్తుంటే ఉస్తాద్‌కు ఇంటి నుంచి వీడియో కాల్ వచ్చింది. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఫోన్లో బస్సు ఆటలాడతాడు, పరీక్షలవగానే డ్రైవర్ వీసా మీద వస్తానంటాడు. ఎప్పుడు కాల్ వచ్చినా ఉస్తాద్ చెయ్యి కడుక్కుని, రోడ్డవతలి కెఫెటేరియాకు వెళ్లి, వెనకాల తెల్లగోడ కనిపించేలా కూర్చుని మాట్లాడేవాడు. షెడ్డు ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఈసారి లేవలేదు. ఫోన్‌ను నా ల్యాప్‌టాప్ వైపు తిప్పాడు.

"నాయినా, గా పొగ మస్తున్నది. నిజంగ గట్లనే ఉంటదా?" అవతలి నుంచి కుర్రాడి గొంతు.

ఉస్తాద్ ఒక్క నిమిషం ఆగాడు. తర్వాత ఫోన్‌ను మెల్లగా షెడ్డు లోపలికి తిప్పాడు. విప్పి పెట్టిన ఇంజన్, మసి పట్టిన కప్పు, గోడలోంచి బయటికి పోతున్న గొట్టం, నూనె మరకల మధ్య తను కూర్చునే చోటు.

"సూడు బిడ్డా. ముందుగాల ఇంటర్ పాస్ గా. అటెన్క ఈడికొస్తనంటే వద్దనను. గని అన్నీ సూసి రా."

ఇండస్ట్రియల్ ఏరియాల్లో, గ్యారేజీల్లో, జనరేటర్ల దగ్గర పనిచేసే మనవాళ్లు ఎందరో ఈ పేజీ చదువుతారు. షట్టర్ ఎత్తండి. గొట్టం బయటికి పెట్టండి. పర్సులో ఉన్న బీమా కార్డును ఒక్కసారి వాడి, ఊపిరి ఊదించే పరీక్ష చేయించుకోండి. అది కొన్ని నిమిషాల పని. ఉస్తాద్ ఇరవై రెండేళ్లు ఆలస్యంగా చేయించుకున్నాడు.